మా అత్తయ్య ఏడవాలి

టమాటా పప్పు రోజు

తేమ విభాగంలో పనిచేసేవాళ్ళందరూ రోజూ నాలుగు ముక్కలు రాసి దాచాలని మళ్ళీ సర్క్యులర్ వచ్చింది. నాకంటే ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన రోజూ "అంతా మామూలే" అని రాసి హాయిగా రిటైరైపోయాడు. నాకంత యోగం లేదు. మా ఇంట్లో అంతా మామూలుగా ఉన్న రోజు నేనింతవరకూ చూడలేదు.

నా పేరు కుముదిని. నీడపాలెంలో కంటితడి ఆఫీసర్ని. నీడపాలెం చంద్రుడి మీద కాదు, చంద్రుడి లోపల, ఒక పొడవాటి రాతి సొరంగంలో ఉంది. పైన పదిహేను రోజులు ఎండ, పదిహేను రోజులు చీకటి. ఆ లెక్కన తేదీలు పెట్టుకుంటే మతి పోతుంది కనక, ఉమ్మడి వంటశాలలో ఏం వండారో దాన్నిబట్టే మేం రోజుల్ని పిలుచుకుంటాం. ఇవాళ టమాటా పప్పు. రేపు వంకాయ. ఉప్మా రోజున మాత్రం ఎవరూ ముహూర్తాలు పెట్టుకోరు.

పొద్దున్నే గాలిగొట్టాల మూతులు తుడిచాను. మా ఊళ్ళో గాలి వట్టి పొడి. మనుషుల ఊపిరిలో ఉన్న తడిని కూడా యంత్రాలు పీల్చేసి తాగునీళ్ళ ట్యాంకులోకి పంపేస్తాయి. ఉతికిన చీర దండెం మీద వేసేలోగా ఆరిపోతుంది. అలాంటి గాలికి మామూలు కళ్ళు ఆగవు. అందుకే ఇక్కడ పిల్లలకి చెవులు కుట్టించే వయసులోనే కన్నీటిగ్రంథులకి తాళాలు మార్పిస్తారు.

తాళాలంటే నిజం తాళాలు కావు. గ్రంథిలోని కణాల గోడల మీద కంటికి కనపడనంత చిన్నవి ఉంటాయి, వాటిని డాక్టర్లు గ్రాహకాలంటారు. సరైన తాళంచెవి వచ్చి పడితే కణంలోపలికి కబురు వెళ్ళి, ఉప్పూ నీళ్ళూ బయటికొస్తాయి. భూమి మీద మనుషులకి ఆ తాళంచెవి నరాల దగ్గర ఉంటుంది. దుఃఖం వచ్చినా దుమ్ము పడినా నరమే తిప్పుతుంది. మా తాళాలకి అది పట్టదు. నేను గొట్టాల్లోంచి వదిలే తడివాసన ఒక్కటే పడుతుంది. భూమి మీద తొలకరికి మట్టి ఇలాగే వాసనొస్తుందని పెద్దలు చెప్పేవారు. నాకైతే నానబెట్టి మర్చిపోయిన శనగల వాసనలా ఉంటుంది.

నేను మీట నొక్కగానే ఊరంతా ఒకేసారి కళ్ళొత్తుకుంటుంది. ఇవాళ వంటశాల దగ్గర ఇద్దరు ఒక బల్ల కోసం తగువు పడుతుంటే మీట నొక్కే వేళైంది. ఇద్దరూ బొటబొటా కన్నీళ్ళు కారుస్తూనే ఒకర్నొకరు తిట్టుకుని, తుడుచుకుని, మళ్ళీ మొదలుపెట్టారు. దుఃఖం వస్తే మేం ఏడవలేం, కడుపు బిగుస్తుంది, అంతే. అది మాకు పెద్ద సుఖమని నా అభిప్రాయం.

నా అభిప్రాయాన్ని పూర్తిగా వ్యతిరేకించే మనిషి మా ఇంట్లోనే ఉంది. మా అత్తయ్య భ్రమరాంబ గారు. ఆవిడ పెద్దయ్యాక భూమి నించి వచ్చారు కనక తాళాలు మార్చలేదు. ఊళ్ళో పాత తాళాలున్న మనిషి ఇప్పుడు ఆవిడొక్కరే. సీరియల్ చూసి ఏడుస్తారు, పాలు పొంగిపోతే ఏడుస్తారు, పొంగకపోతే ఎవరి దిష్టి తగిలిందోనని ఏడుస్తారు. కంటితడి ఆఫీసరు ఇంట్లోనే ఇలా అనుమతి లేని తడి! ఆఫీసులో నా తల కొట్టేసినట్టు ఉంటుంది.

ఏడవనప్పుడు పిలుస్తుంటారు. "అమ్మాయ్! అమ్మాయ్!" వెళ్తే "ఏం లేదు, ఉన్నావో లేదో అని" అంటారు. మా ఆయన ధ్రువం దగ్గర మంచు గనుల్లో డ్యూటీ వేయించుకుని తప్పించుకున్నాడు. నేను మాత్రం పలకడం మానేశాను.

వంకాయ రోజు

ప్రాణవాయువు తోటల మేనేజరు ముత్యాలరావు గారు ఆఫీసుకొచ్చారు. కూతురి పెళ్ళి కుదిరిందట.

"అప్పగింతలకి కాస్త గట్టిగా కొట్టించాలండి," అన్నారు కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ.

అప్పగింతల వేళ పెళ్ళికూతురి చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెట్టేటప్పుడు మండపం గొట్టంలోంచి ఒక చిలకరింపు వదలడం మా ఊరి ఆనవాయితీ. ఎంత దుఃఖమున్నా మీట నొక్కందే ఎవరికీ చుక్క రాదు కదా. అందరికీ ఒకటే మోతాదు. పేదా గొప్పా తేడా లేదు.

"రూలు ఒప్పుకోదండీ," అన్నాను.

"రూలు మీ చేతిలోదేనండి. మొన్న మా వియ్యంకుడి చెల్లెలి పెళ్ళికి కొట్టారు, తడి బుగ్గ కూడా దిగలేదండి. అదేం ఏడుపండి? మీలాంటి మంచి చెయ్యి ఉన్న ఆఫీసరు ఈ ఊరికి మళ్ళీ రారని మా ఇంట్లో రోజూ అనుకుంటామండి ఆయ్."

నేను పొగడ్తకి పడే మనిషిని కాను. కానీ ఆయన చాలాసేపు పొగిడాడు.

గోంగూర రోజు

పెళ్ళి జరిగింది. రెండింతలు కొట్టాను. ఏం చెప్పను! పంతులుగారికి మంత్రం కనపడక పాత పెళ్ళిలోది చదివేశారు. ఫోటోలు తీసే ఆయన కెమెరా కింద పెట్టి భోరుమన్నాడు. పెళ్ళికొడుకు నాన్న అయితే తన కొడుకునే ఎవరికో ఇచ్చేస్తున్నట్టు వలవలా ఏడ్చాడు. మా చంద్రుడి మీద దేనికీ పెద్ద బరువుండదు కదా, కన్నీటి చుక్కలు గోలీకాయలంత లావై బుగ్గల మీద తాపీగా దొర్లాయి. చూడ్డానికి రెండు కళ్ళూ చాలలేదు. నా కళ్ళూ నిండిపోయి ఉన్నాయి కనక అసలే కనపడలేదు.

ఊరంతా అదే మాట. "పెళ్ళంటే ముత్యాలరావు గారిదండీ, ఏడవలేక చచ్చాం!" అని మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను.

ఇంటికొచ్చేసరికి "అమ్మాయ్! అమ్మాయ్!" మొదలైంది. పనున్నట్టు వంటగదిలోకి వెళ్ళి కూర్చున్నాను.

చారు రోజు

సర్పంచి సీతారత్నం గారు స్వయంగా వచ్చారు. ఆవిడ రెండో కూతురి పెళ్ళి. "ముత్యాలరావు కూతురికి పట్టిన ఏడుపు సర్పంచి కూతురికి పట్టకపోతే నేను ఈ సొరంగంలో మొహం ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నారు. నాలుగింతలు కొట్టాను.

విచిత్రం, మొదటి పెళ్ళికంటే తక్కువ వచ్చింది. కొందరికి రెప్పలు తడిశాయి, కొందరికి అదీ లేదు. ముందు వరసలో కూర్చున్న ముత్యాలరావు గారు జేబురుమాలు మడత విప్పకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఆ పెట్టుకోవడం సర్పంచిగారు చూశారు.

అంతలో వెనక వరసలోంచి వెక్కిళ్ళు. మా అత్తయ్య. ఎవరూ ఏడవడం లేదని పెళ్ళికూతురి మీద జాలేసి ఏడుస్తున్నారట. ముక్కు చీదిన చప్పుడు మండపమంతా వినపడింది.

"ఓహో," అన్నారు సర్పంచిగారు నావైపు తిరిగి. "మంచి సరుకంతా మీ ఇంటికి పట్టుకెళ్ళి, మాకు అడుగుబొడుగు పోశావన్నమాట."

ఆఫీసులో చేరాక నన్నెవరూ అంత మాట అనలేదు. ఒళ్ళు మండిపోయింది. నా తడివాసన సీసాలో లోపం ఉందో లేదో తేల్చేస్తానని శపథం చేశాను.

పులుసు రోజు

సీసా మూత తీసి నేరుగా కళ్ళ దగ్గర పెట్టుకున్నాను. చుక్క వచ్చింది. కాసేపాగి మళ్ళీ పెట్టుకుంటే సగం చుక్క. సరుకు పాడైందనుకుని కొత్త సీసా తీశాను. అదీ అంతే. తర్వాతిదీ అంతే. అలా నాలుగు రోజుల నించీ, ఇక్కడ రాయడం కూడా మానేసి, పరీక్షలు చేస్తూనే ఉన్నాను. ఊరికి మామూలు చిలకరింపు కూడా పెంచి, ఎందుకైనా మంచిదని మాటిమాటికీ కొడుతున్నాను.

ఇవాళ మూడో పెళ్ళి. గొట్టం మూతి పూర్తిగా తెరిచేశాను. మండపం నిండా నానిన శనగల వాసన. ఒక్క కన్ను చెమ్మగిల్లలేదు. పెళ్ళికూతురి చేతుల మీంచి పాలు కారుతున్నాయి, చుట్టూ అందరూ చేపల్లా కళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. పెళ్ళికూతురి తల్లి ఏడుపు మొహం పెట్టి, "ఊఁ... ఊఁ..." అని నోటితో చప్పుడు చేసింది. పాపం, అంతకంటే ఏం చేస్తుంది?

సాయంత్రానికి ఊళ్ళో సగంమంది కళ్ళు నులుముకుంటున్నారు. నాకు కుడికంట్లో ఇసుక పోసినట్టుంది.

ఉప్మా రోజు

డాక్టర్ గవర్రాజు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఊరికి ఏకైక డాక్టరు. కంటికీ పంటికీ కాలికీ అన్నిటికీ ఆయనే. నా కళ్ళలోకి దీపం వేసి చూసి, సీసాలెన్ని వాడానో అడిగి, కుర్చీలో వెనక్కి వాలారు.

"కుముదిని గారూ, మీ అత్తగారు రోజుకి ఎన్నిసార్లు పిలుస్తారండి?"

"లెక్కలేదండీ."

"మీరెన్నిసార్లు పలుకుతారు?"

"పలకడం మానేశానండీ."

"అదేనండి జరిగింది. అదేపనిగా పిలుస్తుంటే మీరు వంటగదిలో దూరినట్టు, మీ తాళాలు కణంలోపల దూరాయండి. తాళంచెవి ఊరికే వచ్చి తిప్పుతుంటే కణం ఊరుకోదు. గోడ మీది తాళాల్ని లోపలికి లాగేసుకుంటుంది. అప్పటికీ వదలకపోతే కొన్నిటిని కరిగించి పారేస్తుంది. మీరేమో ఏడుపు తగ్గిందని వాసన పెంచారు. పెంచినకొద్దీ తాళాలు తగ్గాయి."

"మరిప్పుడు?"

"వాసన ఆపెయ్యండి. కొత్త తాళాలు వాటంతటవే గోడ మీదికొస్తాయి. ఊళ్ళోవాళ్ళకి నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది, అప్పటిదాకా కళ్ళు మూసుకుని తిరగమనండి." ఆయన గొంతు తగ్గింది. "మీరు సీసాలకి సీసాలు పీల్చారు. మీకు అంత తొందరగా రావు. ఈలోగా కుడికంటి పైపొర మీద పుండు పడిందండి. ఎడమది కూడా గీరుకుపోయింది. ఎండిన కంట్లో పుండు మానదు. లోతుకి దిగితే చూపు పోతుంది."

ఉప్పునీళ్ళు పోసుకుంటే చాలదా అని అడిగాను. అవి కడగడానికే తప్ప మాన్పడానికి పనికిరావట. అసలు కన్నీళ్ళలో నూనె, జిగురు, సూక్ష్మజీవుల్ని చంపేవి, పుండు పూడ్చేవి, ఏవేవో ఉంటాయట. భూమి నించి మందు రావాలంటే తర్వాతి నౌక దాకా ఆగాలి. అంతదాకా కన్ను ఆగదు.

"ఊళ్ళో తాళాలు చెడనివాళ్ళు ఒక్కరే ఉన్నారండి," అన్నారు డాక్టరుగారు. "ఆవిడ కన్నీళ్ళు పట్టి చుక్కలుగా వేద్దాం. ఆవిడకి ఏడవడం పెద్ద కష్టం కాదు కదా?"

కష్టం కాదన్నాను. నవ్వొచ్చింది కూడా. ఇన్నేళ్ళు ఏడవొద్దని నేను ఎవర్ని పోరు పెట్టానో ఆవిడ ఇప్పుడు నా కోసం ఏడవాలి.

బీరకాయ రోజు

ఏడుపు రావట్లేదు.

ఊళ్ళో కబురు పాకగానే సర్పంచిగారు శాలువా పట్టుకొచ్చి మా అత్తయ్యకి కప్పారు. ముత్యాలరావు గారు తోట నించి తాజా జామకాయలు పంపారు. నిన్నటిదాకా ఆవిడ్ని చూస్తే గోడవారగా తప్పుకున్నవాళ్ళు వరసకట్టి నమస్కారాలు పెడుతున్నారు. అందరూ కళ్ళు మూసుకుని తడుముకుంటూ వస్తున్నారు కనక సగం నమస్కారాలు మా బీరువాకి పడ్డాయి.

ఆవిడ "అమ్మాయ్" అనకముందే ఎవరో ఒకరు "ఏం కావాలండీ?" అంటున్నారు. మడత కుర్చీలో కాలుమీద కాలేసుకుని వెలిగిపోతున్నారు. ఇంత సంతోషంలో ఏడుపెక్కడి నించి వస్తుంది?

"ప్రయత్నం చేస్తున్నానే," అన్నారు నాతో. "మా పుట్టింట్లో పోయిన గేదెని కూడా తలుచుకున్నా. దాని పాల పెరుగు గుర్తొచ్చి నోరూరింది కానీ కన్ను తడవలేదు."

ఉల్లిపాయలు మా ఊళ్ళో లేవు. మూసిన సొరంగంలో ఆ వాసన తరతరాలు తిరుగుతుందని మొదట్లోనే నిషేధించారు. ఎవరో కారం తెచ్చారు. డాక్టరుగారు కేకలేసి పంపించారు. "ఆ కారమంతా కన్నీళ్ళతోపాటు కోడలి కంట్లోకే పోతుందండి! బుర్ర ఉందా?"

కుడికన్ను ఇవాళ బాగా మసకగా ఉంది. ఈ నాలుగు ముక్కలూ పెద్దపెద్ద అక్షరాలతో రాశాను.

రెండో టమాటా పప్పు రోజు

(రాస్తున్నది భ్రమరాంబ. అమ్మాయి రెండు కళ్ళకీ గుడ్డ కట్టారు. అది చెప్తుంటే నేను రాస్తున్నాను. నా దస్తూరి దానికంటే గుండ్రంగా ఉంటుంది.)

ఇవాళ పొద్దున సీరియల్ పెట్టించారు. హీరోయిన్ చనిపోయే భాగం. క్రితంసారి అది చూసి అత్తయ్య రెండు పూటలు అన్నం మానేశారు. ఈసారి ఒక పక్క సర్పంచిగారు విసనకర్రతో విసురుతూ, ఇంకో పక్క ముత్యాలరావు గారు జామకాయ ముక్కలు అందిస్తూ ఉంటే, హీరోయిన్ పోయాక అత్తయ్య "దీనికి తగిన శాస్తి అయింది" అన్నారు.

(అవును మరి. మొగుడి మాట వినకుండా సొరంగం తలుపు తీసి బయటికెవరెళ్ళమన్నారు?)

తర్వాత డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, మీరే ఏదైనా అని ఏడిపించండి, కోడలి మాట తగిలినట్టు ఇంకెవరి మాటా తగలదు అన్నారు. నాకు మనసొప్పలేదు. అయినా కన్ను పోతోందంటే తప్పదు కదా. ఇన్నేళ్ళ నించీ కడుపులో దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే తీశాను. మీ పులిహోరలో పులుపుండదన్నాను. మీ గురక ఎయిర్‌లాక్ తలుపు మోతలా ఉంటుందన్నాను. మీ అబ్బాయి మంచు గనులకి పోయింది ఉద్యోగం కోసం కాదు, చెవులు దక్కించుకోవడం కోసమని కూడా అనేశాను.

(ఆ చివరిది నాకు ముందే తెలుసు. వాడే చెప్పాడు. మిగతావి మా అత్తగారు నన్ను అన్నవాటి ముందు నథింగ్. ఆవిడ దగ్గర నాలుగు రోజులు ట్రైనింగు తీసుకోవాల్సింది ఇది.)

అత్తయ్యా, నేను చెప్పనివి రాయకండి.

(సరే.)

అందరూ నవ్వేశారు. నేనూ నవ్వాను. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. గుడ్డ విప్పి చూసి, పుండు లోతుకి దిగుతోందన్నారు. ఎల్లుండి పులుసు రోజున రెప్పలు రెండూ కలిపి కుట్టేస్తారట. కుడ్తే లోపల కాస్తయినా తడి నిలుస్తుందట. కుట్లు విప్పాక చూపుంటుందో లేదో చెప్పలేనన్నారు.

(అమ్మాయి ఇక్కడితో చాలంది. నేను పుస్తకం మూసేశాను.)

రెండో పులుసు రోజు

ఇది నేనే రాస్తున్నాను. ఎడమకన్ను ఒక్కటే తెరిచారు. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకోవాలి. నిన్న జరిగింది మర్చిపోకముందే రాసుకోవాలి.

నిన్న భోజనాలయ్యాక జనం పల్చబడ్డారు. ఎన్ని చేసినా లాభం లేదని అందరికీ తెలిసిపోయింది. డాక్టరుగారు బయటి గదిలో కుట్టు సామాను ఉడకబెట్టుకుంటున్నారు. ఆ చప్పుడు వినపడుతోంది. ఇంకే చప్పుడూ లేదు. కళ్ళకి గుడ్డ. జన్మలో మొదటిసారి ఏడవాలనిపించింది. దారి లేకపోయింది.

ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందేమిటా అనుకున్నాను. అప్పుడు తట్టింది. నాలుగు రోజుల నించీ "అమ్మాయ్" అన్న పిలుపు లేదు. అడగకుండానే అన్నీ అందుతుంటే ఆవిడకి నాతో పనేముంది?

"అత్తయ్యా!" అన్నాను.

పలకలేదు. పక్కగదిలో గాజుల చప్పుడైంది, మళ్ళీ ఆగింది.

"అత్తయ్యా!"

అడుగుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. "నన్నేనా?"

"ఇంట్లో ఇంకెంతమంది అత్తయ్యలున్నారండీ?"

"అది కాదే. నువ్వెప్పుడూ పిలవవు కదా. వేరే ఎవరైనా వచ్చారేమో అనుకున్నా. మంచినీళ్ళు కావాలా?"

"వద్దు," అన్నాను. తర్వాత నా నోట్లోంచి వచ్చిన మాట నేను అనుకుని అన్నది కాదు. "భయమేస్తోంది అత్తయ్యా. కాసేపు నా పక్కన కూర్చోండి."

మంచం కుంగింది. ఆవిడ చెయ్యి నా చెయ్యి మీద పడింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటం ఆవిడకి చేతనవునని నాకు ఇన్నేళ్ళుగా తెలీదు.

"ఈ ఊరొచ్చిన కాణ్ణించీ," అన్నారు చివరికి, "నేను పిలవడమే కానీ, మీ మామగారు తప్ప నన్ను పిలిచిన మనిషి లేదే. ఆయన పోయాక ఒక్క గొంతూ లేదు. అరిచి అరిచి, నేనున్నానని నాకు నేనే చెప్పుకునేదాన్ని."

మంచం మీద నించి లేచి ఆ పాదాలు పట్టుకుందామనుకున్నాను. అంతలో నా మణికట్టు మీద వెచ్చగా ఏదో పడింది.



"డాక్టరుగారూ!" అని అరిచాను. "వచ్చింది! వచ్చేసింది! అత్తయ్యా, తుడుచుకోకండి! చెయ్యి దించండి! నా మీదికి వంగండి!"

"ఎటు వంగనే?" అన్నారు వెక్కుతూనే. నేను గుడ్డ పీకేసి వెల్లకిలా పడుకున్నాను. మసకలో ఆవిడ మొహం పెద్ద గుమ్మడికాయలా కనిపించింది. గడ్డం చివర్న చుక్క ఊరి, లావై, వేలాడి, మా చంద్రుడి పద్ధతిలో తీరుబడిగా బయల్దేరింది. వచ్చి నా ముక్కు మీద పడింది.

"కొంచెం ఎడమకి!"

"నీ ఎడమా, నా ఎడమా?"

"ఎవరి ఎడమైనా సరే, జరగండి!"

రెండోది నుదుటి మీద పడింది. మూడోది చెవిలోకి పోయింది. డాక్టరుగారు గిన్నె పట్టుకుని పరిగెత్తుకొచ్చి, గడప తట్టుకుని, ఎగిరి మంచం మీదిగా తేలుకుంటూ అవతలి గోడకి ఆనుకున్నారు. ఆయన్ని చూసి మా అత్తయ్యకి నవ్వొచ్చింది.

"నవ్వకండి!" అని డాక్టరుగారూ నేనూ ఒకేసారి అరిచాం.

"నవ్వొస్తే నేనేం చెయ్యను?" అన్నారు. కానీ ఏడుపు ఆగలేదు. నవ్వుతూనే ఏడ్చారు, ఏడుస్తూనే డాక్టరుగారికి గిన్నె సరిగ్గా పట్టుకోవడం నేర్పారు. "అటు కారుతోంది చూడు నాయనా, అటు! ఇంత ఖరీదైన సరుకు నేలపాలు చేస్తావేం?"

తర్వాతి చుక్క తిన్నగా నా కుడికంట్లో పడింది. చుర్రుమంది. ఆ వెంటనే ఎన్నాళ్ళ నించో ఉన్న ఇసుక కొట్టుకుపోయినట్టు చల్లబడింది. అంత హాయి నేనెప్పుడూ ఎరగను.

సీసాలో పట్టినవి డాక్టరుగారు చల్లటి పెట్టెలో దాచారు. కుట్టు సామాను మళ్ళీ డబ్బాలో పెట్టేశారు.

మూడో వంకాయ రోజు

పుండు మానింది. కుడికంట్లో చిన్న మచ్చ మిగిలింది కానీ చూపుకి అడ్డం లేదు. కొత్త తాళాలు ఒక్కొక్కటే గోడ మీదికొస్తున్నాయి. నిన్న మామూలు చిలకరింపుకి నాకూ చెమ్మ వచ్చింది. ఊరందరికీ ముందే వచ్చేసింది, బీరువాకి నమస్కారాలు ఆగిపోయాయి.

అప్పగింతలకి అందరికీ ఒకటే మోతాదని గొట్టం మీద నేనే పెద్దక్షరాలతో రాసి అంటించాను. ముత్యాలరావు గారు రెండో కూతురి సంగతి మాట్లాడడానికొచ్చి, బోర్డు చదివి, జామకాయలు మాత్రం ఇచ్చి వెళ్ళారు. సర్పంచిగారు ఇంకో దారి కనిపెట్టారు. ఇకమీద ఏ పెళ్ళికైనా మా అత్తయ్యని ముందు వరసలో కూర్చోబెట్టాలని తీర్మానం చేశారు. అత్తయ్య ఒక షరతు పెట్టారు. పెళ్ళివారు స్వయంగా ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, పేరు పెట్టి పిలవాలట. అలా పిలిచినవాళ్ళ పెళ్ళికల్లా మండపం తడిసేలా ఏడుస్తున్నారు. అనుమతి లేని తడి గురించి నేను రాసిన పాత కాగితాలన్నీ వెనక్కి తీసుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం గొట్టాల మూతులు తుడిచి ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతున్నాను.

"అమ్మాయ్!"

"ఆఁ, వచ్చా అత్తయ్యా!"

లోపల ఏ చప్పుడూ లేదు. వెళ్ళి చూస్తే మడత కుర్చీలో కూర్చుని నావైపు వింతగా చూస్తున్నారు.

"ఏం కావాలండీ?"

"మర్చిపోయానే," అన్నారు. "కనీసం పది పిలుపులు పడతాయి కదా, ఈలోగా ఆలోచించుకోవచ్చులే అనుకున్నా."

పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. గుర్తొచ్చేదాకా కూర్చున్నాను.